నాన్న అందించిన మాట

నాకు నత్తి. ఈ రెండు మాటలు ఇంత సూటిగా రాయడానికి చాలా ఏళ్ళు పట్టింది. అసలు మాట రాదని కాదు. కొన్ని అక్షరాల దగ్గర గొంతు బిగుసుకుపోతుంది. ప, గ, క లతో మొదలయ్యే మాటలంటే చిన్నప్పటి నుంచీ భయం. జగ్గయ్యపేటలో మా వీధి చివరి కిరాణా కొట్టుకి పంచదార కోసం పంపిస్తే, ఆ మాట అనలేక "చక్కెర" అని అడిగేదాన్ని. "ఏమ్మా, మీది ఖమ్మం వైపా?" అని కొట్టాయన నవ్వేవాడు. అవునని తలూపి వచ్చేసేదాన్ని.

మా నాన్న ఇంగ్లీషు మాస్టారు. కంచికచర్ల, జి.కొండూరు వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పనిచేసి రిటైరయ్యాడు. ఊళ్ళో చాలామంది పెళ్ళి కార్డులు అచ్చుకి ఇచ్చేముందు ఆయనకి చూపించుకుని వెళతారు. నా మాట ఎక్కడ ఆగితే అక్కడ ఆయన అందించేవాడు. భోజనాల దగ్గర నేను "రేపు బళ్ళో ప... ప..." అంటే, కంచంలోంచి తల ఎత్తకుండానే "పరీక్షా?" అనేవాడు. నేను అవునని మిగతాది చెప్పుకుపోయేదాన్ని. దర్జీ దగ్గర, డాక్టరు దగ్గర, బస్సులో కండక్టరు దగ్గర కూడా అంతే. అదొక సాయమని మా ఇద్దరికీ ఎప్పుడూ తోచలేదు.

ఇంజనీరింగు అయ్యాక హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఆ ఏడు మా కాలేజీకి వచ్చిన కంపెనీ రాతపరీక్షతోనే చాలామందిని తీసుకుంది, మాట్లాడించింది తక్కువ. అందులో నేనూ పడ్డాను. కొన్నేళ్ళు బాగానే గడిచింది. రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని ప్రోగ్రాములు రాయడం, అడిగినవాళ్ళకి చాట్‌లో జవాబివ్వడం. తర్వాత మా ప్రాజెక్టు ఎత్తేశారు. మా టీము మొత్తాన్ని ఇంటికి పంపించారు. హాస్టలు గది ఖాళీ చేసి జగ్గయ్యపేట వచ్చేశాను.

కొత్త ఉద్యోగాల వేట అప్పుడు మొదలైంది. ఈ రోజుల్లో చాలా కంపెనీలు ముందుగా ఆన్‌లైన్‌లో కోడింగ్ పరీక్ష పెడతాయి. ఒక సమస్య ఇస్తారు, టైము ఇస్తారు, దానికి ప్రోగ్రాము రాయాలి. రాసింది సరైనదో కాదో కంప్యూటరే తేలుస్తుంది. నాకు ఆ పరీక్షలంటే పండగ. అక్కడ ఎవరూ నన్ను నోరు తెరవమనరు. దాదాపు రాసిన ప్రతి పరీక్షా గట్టెక్కాను. ఆ తర్వాత టెక్నికల్ ఇంటర్వ్యూ ఉంటుంది. వీడియోలో ఇద్దరు కూర్చుని, నువ్వు రాసిందేమిటో చెప్పు, ఇలాగే ఎందుకు రాశావో చెప్పు అంటారు. అక్కడ పోయేది.

మొదటి ఇంటర్వ్యూలో ఒక మాట దగ్గర గొంతు పట్టేసింది. నేను కదలకుండా తెర వైపు చూస్తూ ఉండిపోయాను. అవతలాయన, "హలో, వినపడుతోందా? మీ నెట్‌వర్క్ పోయినట్టుంది" అన్నాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో. వెంటనే చాట్‌లో, క్షమించండి, మా ఊళ్ళో నెట్‌వర్క్ బాగోదు అని టైపు చేశాను. అప్పటి నుంచీ ప్రతి ఇంటర్వ్యూలోనూ అదే. ఇంట్లో అడిగినా అదే చెప్పాను.

నాన్న నమ్మాడు. ఇంటర్నెట్టు ఆఫీసుకి వెళ్ళి గొడవపడ్డాడు. పెద్ద ప్లానుకి మార్పించాడు. ఒక మధ్యాహ్నం మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. అతను నిచ్చెన వేసుకుని ఎండలో స్తంభం ఎక్కి, వైర్లన్నీ చూసి, కిందికి దిగి నా లాప్‌టాప్‌లో స్పీడు చూశాడు.

"బ్రహ్మాండంగా వస్తోందండి మాస్టారూ. ఈ వీధి మొత్తానికీ మీకే ఫాస్టు," అన్నాడు.

"మరి పిల్ల మాట్లాడుతుంటే మధ్యలో ఆగిపోతందంటయ్యా?" అన్నాడు నాన్న.

అతను నా వంక చూశాడు. మా వీధివాడే, నాతో పాటు చదివినవాడి తమ్ముడు. అతనికి తెలుసు. "ఏమోనండి, అవతలివాళ్ళదేమో," అని నిచ్చెన మడుచుకున్నాడు. నేను మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళి, అతను పోయేదాకా వంటింట్లోనే నిలబడ్డాను.

కొన్నాళ్ళకి బెంగళూరు కంపెనీ ఒకటి కోడింగ్ పరీక్ష పెట్టింది. చాలా కష్టమైన పరీక్ష. వచ్చినవాళ్ళని వచ్చిన వరసలో కాకుండా, ఎవరి అవసరం ఎక్కువైతే వాళ్ళని ముందుకు జరిపే పద్ధతితో రాయాలి. దాన్ని ప్రయారిటీ క్యూ అంటారు. అందరిలోకీ నాకే ఎక్కువ మార్కులు వచ్చాయని మెయిల్ పంపారు. ఇంటర్వ్యూకి వారం టైముంది. ఈసారి నేను రాసింది ఎలా చెప్పాలో ముందే కూర్చుకుని, వారమంతా పైకి అప్పచెప్పుకున్నాను. నాన్న వరండాలో పేపరు చదువుకుంటూ అదంతా వింటూనే ఉన్నాడు. ఆయనకి కంప్యూటర్లో మెయిల్ తెరవడం కూడా రాదు. కానీ ఆ వారం అయ్యేసరికి నా జవాబు ఆయనకీ కంఠతా వచ్చేసింది.

ఇంటర్వ్యూ రోజు ముందు గదిలో కూర్చున్నాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే నా గొంతు నాకే వింతగా వినపడుతుందని స్పీకరు పెట్టుకున్నాను. అవతల ఒకాయన, ఒకావిడ. మొదట్లో బాగానే సాగింది. అసలు సంగతికి వచ్చేసరికి ఆ మాట దగ్గర ఆగిపోయాను. "ప్ర... ప్ర..." అక్కడి నుంచి కదలడం లేదు. ఆయన ఓపిగ్గానే చూస్తున్నాడు. మెడ నరాలు లాగేస్తున్నాయి. అప్పుడు నా వెనక గుమ్మంలోంచి బడిలో పాఠం చెప్పే గొంతుతో వినపడింది.

"ప్రయారిటీ. ప్రయారిటీ క్యూ."

తెర మీద ఇద్దరి మొహాలూ మారిపోయాయి. "హూ ఈజ్ దట్?" అన్నాడాయన. గదిలో ఇంకెవరున్నారు, లాప్‌టాప్ నెమ్మదిగా చుట్టూ తిప్పి చూపించండి అన్నాడు. నేను తిప్పాను. ఆరేసిన దుప్పట్లు కనపడ్డాయి, దివాను కనపడింది, ఆ తర్వాత నాన్న. లుంగీ, బనీను, భుజాన తువ్వాలు. పెరట్లో కోసిన ములక్కాయలు చేతిలో ఉన్నాయి. ఆయన గభాల్న తువ్వాలు సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు.

"గుడ్ మార్నింగ్, సర్. అయామ్ హర్ ఫాదర్, సర్. రిటైర్డ్ ఇంగ్లీష్ టీచర్. షి నోస్ ఎవ్రీథింగ్, సర్. ఓన్లీ ది మౌత్..." అని తన పెదాల మీద వేలు పెట్టి చూపించాడు.

ఇంటర్వ్యూ చేసేయన థాంక్యూ, తర్వాత చెబుతామన్నాడు. తెర నల్లబడింది. మర్నాడు మెయిల్ వచ్చింది. ఇంటర్వ్యూలో నేను వేరేవాళ్ళ సాయం తీసుకున్నట్టు తేలిందనీ, కాబట్టి నా కోడింగ్ పరీక్ష మార్కులు కూడా లెక్కలోకి తీసుకోవడం లేదనీ రాశారు. అంటే ఆ ప్రోగ్రాము కూడా నేను రాయలేదని. మెయిల్ ఏం వచ్చిందని నాన్న అడిగాడు. నేను లాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"నేను ఒక్క మాటే కదమ్మా అంది. వీళ్ళకి ఉత్తరం రాస్తా. నేనే..."

"రాయొద్దు," అన్నాను. "నా నోరు బాలేదని వాళ్ళకెందుకు చెప్పావు? నేను చెప్పమన్నానా? ఇన్నాళ్ళూ ఎవరికీ తెలీకుండా నెట్టుకొస్తున్నా."

ఆ మాటలు కూడా ఆగి ఆగి వచ్చాయి. మధ్యలో ఆయన పెదాలు కదిలాయి కానీ చప్పుడు రాలేదు. "తెలీకుండా వచ్చేసిందమ్మా నోట్లోంచి," అన్నాడు చివరికి. లేచి పెరట్లోకి వెళ్ళాడు.

ఆ రోజు నుంచీ నాన్న నాకు మాట అందించడం మానేశాడు. నేను ఆగిపోతే ఆయన కంచంలోకి చూసేవాడు, లేకపోతే గ్లాసు తీసుకుని నీళ్ళు తాగేవాడు. ఆ నిశ్శబ్దంలో అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసేది. నాకు ఏదైనా కాల్ ఉందని తెలిస్తే చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళిపోయేవాడు. వాకింగనేవాడు. ఎండాకాలం. ఒకరోజు కాల్ తొందరగా అయిపోయి పాల ప్యాకెట్టు కోసం వెళుతుంటే, బస్టాండు దారిలో స్కూటర్లు బాగుచేసే షాపు ముందు ఇనప కుర్చీలో కూర్చుని కనపడ్డాడు. ముందు పంకా లేదు, పేపరు లేదు. ఊరికే రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. షాపతను నన్ను చూసి, "మాస్టారు రోజూ ఇక్కడే కూర్చుంటున్నారమ్మా. ఇంట్లో చుట్టాలున్నారంట కదా," అన్నాడు. నాన్న లేచి, "కాల్ అయిపోయిందా?" అని మాత్రం అడిగాడు. ఇద్దరం పక్కపక్కన నడుచుకుంటూ ఇంటికొచ్చాం.

నందిగామలో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉందని అమ్మకి చర్చిలో ఎవరో చెప్పారు. హైవేకి దగ్గర్లో మేడ మీద. విత్తనాల కొట్లకీ, ఎరువుల కొట్లకీ బిల్లులు, స్టాకు చూసుకునే ప్రోగ్రాములు తయారుచేస్తారు. నడిపేది ఒకావిడ. హైదరాబాదులో చాలాకాలం చేసి సొంతూరు వచ్చి పెట్టుకుంది. ఫోను చేశాను. నా పేరు దగ్గరే మాట ఆగిపోయింది. నా పేరు మొదటి అక్షరం కూడా ఆ ప, గ, క ల్లో ఒకటే. ఆవిడ "హలో" అని మళ్ళీ అనలేదు, పెట్టేయలేదు. చివరికి పేరు బయటికి వచ్చింది. "సరే, రేపు పొద్దున రండి. రోజంతా ఉండేట్టు రండి," అంది.

మర్నాడు బస్సెక్కి వెళ్ళాను. కోడింగ్ పరీక్ష పెట్టలేదు. ఇంటర్వ్యూ అని కూడా కూర్చోపెట్టలేదు. ఒక కుర్చీ చూపించి, వాళ్ళు వాడుతున్న ప్రోగ్రామే నా ముందు తెరిచిపెట్టింది.

"కొట్టువాళ్ళు రోజూ ఫోన్లు చేసి తిడుతున్నారు. రైతు బస్తా తిరిగిచ్చేస్తే స్టాకులో ఒకటి పెరగాలి కదా, ఒక్కోసారి రెండు పెరుగుతున్నాయంట. మావాళ్ళకి దొరకట్లేదు. చూడండి. ఏదన్నా కావాలంటే ఇతన్ని అడగండి," అని పక్క సీటతన్ని చూపించింది. అతనికి నా వయసే ఉంటుంది.

మధ్యాహ్నానికి దొరికింది. సిగ్నలు సరిగ్గా లేనప్పుడు కొట్టతను బటన్ నొక్కి, జవాబు రాకపోయేసరికి మళ్ళీ నొక్కుతున్నాడు. ప్రోగ్రాము రెండింటినీ వేరు వేరు బస్తాలుగా తీసుకుంటోంది. మేడమ్ టీలు తెప్పించి, "చెప్పండి, తెలుగులోనే చెప్పండి," అంది. పక్క సీటతను, ఫోన్లలో కస్టమర్లతో మాట్లాడే అమ్మాయి కూడా కుర్చీలు జరుపుకున్నారు. చాలాచోట్ల ఆగాను. ఒకసారి పక్కసీటతను ఏదో మాట అందించబోతే అది తప్పు మాట. నేను కాదని తలూపాను. చెప్పడం పూర్తయ్యేసరికి టీ చల్లారిపోయింది.

"నేనూ మొదట్లో కోడింగ్ పరీక్షే పెట్టేదాన్నమ్మా," అంది మేడమ్. "వాటిల్లో మార్కులొచ్చినవాళ్ళు ఇక్కడికొచ్చి ఎదుటివాళ్ళు రాసిన ప్రోగ్రాము చదవలేక తెల్లమొహం వేశారు. సరే అని ఇంటర్వ్యూలు పెడితే, బాగా మాట్లాడినవాళ్ళు వచ్చారు. వాళ్ళు బాగా మాట్లాడారంతే. అందుకని పక్కన కూర్చోబెట్టుకుని పని చేయించి చూస్తున్నా." తర్వాత అడిగింది, "మీరింత బాగా చూశారు కదా, ఇంతవరకు ఎక్కడా ఉద్యోగం ఎందుకు రాలేదు?"

బెంగళూరు సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఆగుతూ, పడుతూ, ములక్కాయల దాకా వచ్చాను. అక్కడ నాన్న అన్నది చెప్పాలి కాబట్టి ఆయన గొంతు పెట్టాను. తువ్వాలు సర్దుకున్నట్టు చెయ్యి ఆడించి, "గుడ్ మార్నింగ్, సర్. అయామ్ హర్ ఫాదర్, సర్," అన్నాను.

మాట ఎక్కడా ఆగలేదు. గ దగ్గర కూడా ఆగలేదు. నాన్న గొంతులో, నాన్న దీర్ఘాలతో మొత్తం గడగడా వచ్చేసింది. ముగ్గురూ పగలబడి నవ్వారు. మేడమ్ కళ్ళు తుడుచుకుంది. నేను మాట్లాడితే బళ్ళో ఎందరో నవ్వారు, కానీ అలా ఎప్పుడూ నవ్వలేదు. ఒళ్ళు తేలిపోయింది. ఇంకా నవ్వించాలనిపించింది. "అక్కడితో ఆగలేదండి. ఆ ఇంటర్వ్యూ చేసేవాళ్ళతో 'సిట్ డౌన్, సిట్ డౌన్' అన్నాడు, క్లాసులో పిల్లలతో అన్నట్టు," అన్నాను. రెండు చేతులూ కిందికి ఊపి మరీ చూపించాను. ఆ అమ్మాయి బల్ల మీద వాలిపోయి నవ్వింది.

ఆ మాట నాన్న అనలేదు. నవ్వు ఆగిపోతుందేమోనని నేను కలిపాను.

వచ్చే సోమవారం నుంచి రమ్మంది మేడమ్. బస్సులో చిల్లకల్లు దాటేదాకా సంతోషంగానే ఉన్నాను. ఆ తర్వాత నేను కలిపిన మాట గుర్తుకొచ్చింది. ఇంటికెళ్ళి ఉద్యోగం వచ్చిందని చెబితే నాన్న, "అక్కడ ఇంటర్వ్యూ ఎట్లా చేశారమ్మా?" అని అడిగాడు. పని చేయించి చూశారని చెప్పాను. "మంచి పద్ధతి," అన్నాడు. అప్పుడు మొదటిసారి తల దించుకోవాల్సి వచ్చింది.

ఉద్యోగంలో చేరి కొన్ని నెలలైంది. నాన్న కళ్ళజోడు మార్పించుకోడానికి నందిగామ వచ్చి, సాయంత్రం నాతో కలిసి వెళదామని ఆఫీసు కిందికొచ్చాడు. పైకి రానన్నాడు. "నేను కిందే ఉంటా, నీ పని చూసుకునిరా," అని ఫోను చేశాడు. మేడమ్ అప్పుడే మెట్లెక్కుతూ ఆయన్ని చూసి వెంటబెట్టుకుని వచ్చింది. ఇస్త్రీ చొక్కా, చేతిలో కొత్త కళ్ళజోడు పెట్టె. ఆయన గుమ్మంలో నిలబడగానే పక్క సీటతను ఉత్సాహంగా లేచి, "గుడ్ మార్నింగ్, సర్!" అన్నాడు. అది సాయంత్రం. నాన్న నవ్వి, "గుడ్ ఈవెనింగ్," అన్నాడు. అతను కుర్చీ జరిపి, రెండు చేతులూ కిందికి ఊపి, "సిట్ డౌన్, సిట్ డౌన్," అన్నాడు. ఫోన్ల అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. మేడమ్ అతన్ని చురుగ్గా చూసింది. నాన్న కూర్చున్నాడు. ఆ నవ్వులో తనూ కలవాలని కాస్త నవ్వాడు.

బస్సులో ఇద్దరికీ సీట్లు దొరికాయి. కాసేపటికి అడిగాడు.

"ఆ కుర్రాడు నాతో సిట్ డౌన్ సిట్ డౌన్ అని అట్లా ఎందుకన్నాడమ్మా?"

అబద్ధం చెప్పొచ్చు. అతనికది ఊతపదమని చెబితే సరిపోయేది. చెప్పలేకపోయాను. "ఆ బెంగళూరు ఇంటర్వ్యూ సంగతి వాళ్ళకి చెప్పా నాన్నా. నీలాగా మాట్లాడి చూపించా."

"సిట్ డౌన్ అని నేనన్నానా?"

"అనలేదు. నేనే క... కలిపా."

నాన్న కిటికీ వైపు తిరిగాడు. కోపం వచ్చిందనుకున్నాను. వస్తే బాగుండునని కూడా అనుకున్నాను. కొంతదూరం పోయాక మళ్ళీ నా వైపు తిరిగాడు. మొహంలో కోపం లేదు, క్లాసులో ఏదో తేలని సంగతి గురించి ఆలోచించేవాడిలా ఉన్నాడు.

"నాలాగా మాట్లాడేటప్పుడు నీ మాట ఆగిందా?"

"లేదు నాన్నా."

"ఒక్కసారి కూడా?"

"లేదు."

"అట్నా!" అన్నాడు. ఆయన కళ్ళు వెలిగాయి. "ఏదీ, ఒకసారి చేసి చూపించు."

ముందు సీటువాళ్ళు తిరిగి చూశారు. "వద్దు నాన్నా," అన్నాను. "మనవాళ్ళెవరూ లేరులే, చెప్పు," అని బతిమాలాడు. నేను తల అడ్డంగా ఊపి బ్యాగులోకి మొహం దించేసుకున్నాను. "సరేలే, సరేలే," అని నా వీపు మీద చెయ్యి వేశాడు. నన్ను ఎవరైనా చెంప మీద కొట్టినా అంత బాధ అనిపించేది కాదు.

మర్నాడు ఆఫీసులో పక్క సీటతనికి నిజం చెప్పాను. మా నాన్న ఆ మాట అనలేదని, ఇంకోసారి అలా చేయొద్దని. అతను తెల్లబోయాడు. "మరి మీరే కదండీ చెప్పారు! నిజంగా అన్నారేమో, సరదాపడతారనుకున్నా," అని ఎన్నోసార్లు సారీ చెప్పాడు. అతను సారీ చెబుతున్నకొద్దీ నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

మేడమ్ అదంతా విన్నది. సాయంత్రం అందరూ వెళ్ళాక ఆవిడ గదిలోకి వెళ్ళి, చాలాకాలంగా లోపల తిరుగుతున్న ప్రశ్న అడిగాను. ఆ రోజు నన్ను తీసుకున్నది ఆ తప్పు పట్టుకున్నందుకేనా అని. అవునంటుందని ఆశపడ్డాను. ఆవిడ కాసేపు ఆలోచించింది. ఆవిడలో నాకు నచ్చేదీ, ఆ రోజు కష్టమనిపించిందీ అదే. నోటికొచ్చింది అనేయదు.

"పని బాగానే చేశావు. కానీ నిజం చెప్పాలంటే, అప్పటిదాకా నాకు అనుమానంగానే ఉంది," అంది. "కస్టమర్లతో మాట్లాడాల్సొస్తది కదా, ఈ అమ్మాయి నలుగురిలో కలుస్తదా అని. మీ నాన్నగారి సంగతి చెప్పి మమ్మల్నందరినీ అట్లా నవ్వించేసరికి, ఫర్వాలేదు, తీసుకోవచ్చు అనుకున్నా."

బస్సులో ఆ రోజు చోటు దొరకలేదు. జగ్గయ్యపేట దాకా నిలబడే వచ్చాను. అమ్మ పప్పుచారు పెట్టింది. నాన్న కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఎవరిదో పెళ్ళి కార్డు దిద్దుతున్నాడు. ఆఫీసులో ఏంటి విశేషాలని అడిగాడు. ఏమీ లేవన్నాను. మేడమ్ అన్నది ఆయనకి ఇప్పటిదాకా చెప్పలేదు. చెబితే సంతోషిస్తాడు. అందుకే చెప్పలేకపోతున్నాను.